ఇద్దరి పాట వెనుక ఎందరో

సంగీతానికి భాషతో పని లేదని పెద్దలంటారు. ఆ మాట నేను చాలాకాలం నమ్మలేదు. సైన్సు విద్యార్థిని గనుక దేనికైనా రుజువు కావాలంటాను. కిందటి వేసవి సెలవుల్లో ఒక రాత్రి ఆ రుజువు మా చేలోనే దొరికింది.

నువ్వు చేనుకు నీళ్లు పెడుతూ నేనూ మా నాయనా మోటారు షెడ్డు దగ్గర కూర్చున్నాం. హాస్టల్లో నా రూమ్మేటు వినిపించిన ఇంగ్లీషు పాట ఒకటి ఫోన్లో పెట్టాను. నాయనకు ఇంగ్లీషు రాదు. కాసేపు విని, “సన్నాయి లాగుందే, ఎవురురా వాయించేది?” అన్నాడు. సన్నాయి కాదు, సాక్సోఫోన్ అని చెప్పాను గానీ, ఆయన అడిగిన దాంట్లో ఎంత భౌతికశాస్త్రం ఉందో తర్వాత తెలిసింది. ఆ ప్రశ్న పట్టుకుని నేను చదివి తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం. సంగీతం తెలిసిన మిత్రులు నా తప్పుల్ని మన్నించాలి.

పాట పుట్టుక

ఆ పాట పేరు ‘జస్ట్ ది టూ ఆఫ్ అజ్’. అంటే ‘మనమిద్దరమే’ అని అర్థం. 1980లో ఎలెక్ట్రా కంపెనీ విడుదల చేసిన ‘వైన్‌లైట్’ అనే ఆల్బమ్‌లోది. ఆల్బమ్ గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ అనే సాక్సోఫోన్ విద్వాంసుడిది. పాడినవాడు బిల్ విథర్స్.

పాటను మొదట రాసుకున్నది రాల్ఫ్ మెక్‌డొనాల్డ్, విలియం సాల్టర్ అనే జంట రచయితలు. వీళ్లు అంతకుముందే 1972లో రొబెర్టా ఫ్లాక్, డానీ హాథవే పాడిన ‘వేర్ ఈజ్ ది లవ్’ రాసి పేరు పొందారు. గ్రోవర్‌కు 1975లో మంచి పేరు తెచ్చిన ‘మిస్టర్ మ్యాజిక్’ కూడా వీళ్లదే. పాట పాడమని విథర్స్‌ను అడిగితే, మాటల విషయంలో తనకు పట్టింపు ఎక్కువనీ, వాటిని కాస్త దిద్దుకోనిస్తే పాడతాననీ అన్నాడట. వాళ్లు కాదనలేదు. అందుకే ముగ్గురి పేర్లూ రచయితలుగా నిలిచాయి.

పాటలోని భావం పెద్ద చిక్కైనదేమీ కాదు. వాన చినుకులు, వాటి మీద పడే ఎండ, ఆపైన ఇంద్రధనుస్సు. ఏడుస్తూ కూర్చుంటే లాభం లేదు, ఇద్దరం కలిసి పూనుకుంటే ఏమైనా కట్టుకోవచ్చు, ఎదురుచూడటం మంచిదే గానీ దానికీ ఒక హద్దుంది అని చెబుతుంది. “అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు” అని మా ఊళ్లో అనే మాటకు ఇది దగ్గరి చుట్టం.

పాట 1981లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లి, మూడు వారాలు అక్కడే ఆగిపోయింది. మొదటి స్థానం దక్కలేదు. 1982 గ్రామీ బహుమతుల్లో ఉత్తమ ఆర్ అండ్ బి పాటగా రచయితలు ముగ్గురికీ గౌరవం దక్కింది. ‘వైన్‌లైట్’ ఆల్బమ్‌కు జాజ్ ఫ్యూజన్ విభాగంలో మరో గ్రామీ వచ్చింది.

గని ఊరి గాయకుడు

విథర్స్ 1938లో వెస్ట్ వర్జీనియాలో స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గు గనుల ఊళ్లో పుట్టాడు. పదమూడో ఏట తండ్రి పోయాడు. తొమ్మిదేళ్లు నౌకాదళంలో పనిచేశాడు. తర్వాత విమానాల విడిభాగాల ఫ్యాక్టరీలో, విమానాల్లో అమర్చే మరుగుదొడ్లు తయారుచేసే పనిలో ఉన్నాడు. 1971లో తొలి రికార్డు వచ్చినప్పుడు దాని అట్ట మీద చేతిలో అన్నం డబ్బా పట్టుకుని నిలబడ్డ ఫోటో వేశారు. పాటలు ఎప్పుడు ఆగిపోతాయో తెలియదని, పేరు వచ్చినా ఉద్యోగం వెంటనే వదల్లేదు. రైతు బిడ్డలకు ఆ జాగ్రత్త ఎందుకో చెప్పనక్కరలేదు.

నన్ను పట్టి ఆపింది మరో సంగతి. విథర్స్‌కు నత్తి. ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా అది తనను వదల్లేదని ఆయనే చెప్పుకున్నాడు. నాకూ నత్తి. మొదటి సంవత్సరం సెమినార్లో ‘ప్రతిధ్వని’ అనే మాట దగ్గర ఆగిపోయాను. ‘ప్ర’ దాటలేదు. వెనక బెంచీల్లోంచి ఎవరో ఆ మాట పూర్తి చేశారు, క్లాసంతా నవ్వారు. ఆ రోజు నుంచి లేచి మాట్లాడే పని ఏది వచ్చినా తప్పించుకుంటూ వచ్చాను. కాబట్టి ఈ పాటలోని గొంతు ఎంత నింపాదిగా, ఎక్కడా తొట్రుపాటు లేకుండా సాగుతుందో నేను విన్నట్టు అందరూ విని ఉండరు.

సన్నాయికి చుట్టం

ఇక మా నాయన ప్రశ్నకు వద్దాం. సాక్సోఫోన్‌ను కనిపెట్టినవాడు బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ సాక్స్. 1846లో పారిస్‌లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఒళ్లంతా ఇత్తడే అయినా, మూతి దగ్గర రెల్లు జాతి గడ్డితో చేసిన రీడు ఉంటుంది గనుక దాన్ని కొయ్య వాద్యాల కుటుంబంలోనే లెక్కిస్తారు.

మనం ఆర్గాన్ గొట్టాల పాఠంలో చదువుకున్నది గుర్తు చేసుకోండి. ఒక చివర మూసిన సమమైన గొట్టంలో 1, 3, 5 వంటి బేసి రెట్ల అనుస్వరాలే వస్తాయి. క్లారినెట్ ఆ జాతిది. అదే గొట్టం శంకువులా క్రమంగా వెడల్పవుతూ పోతే 1, 2, 3, 4 అన్ని రెట్లూ పలుకుతాయి. సాక్సోఫోన్ శంకువు, మన సన్నాయీ నాదస్వరమూ శంకువులే. సన్నాయికి రెండు పొరల పీక, సాక్సోఫోన్‌కు ఒక్క రీడు. అంతే భేదం కాదు గానీ, చుట్టరికం మాత్రం నిజం. కర్ణాటక సంగీతాన్ని సాక్సోఫోన్ మీద పలికించిన కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) తండ్రి నాదస్వర విద్వాంసుడే. మా నాయన చెవి తప్పు చెప్పలేదు.

ఇంకొక ముచ్చట. పాట మధ్యలో గంటల్లా, నీటి చుక్కల్లా పలికే వాద్యం ఒకటుంది. దాన్ని స్టీల్ పాన్ అంటారు. ట్రినిడాడ్ దీవి ప్రజలు పారేసిన నూనె డ్రమ్ముల్ని సుత్తితో కొట్టి, స్వరానికొక గుంట చొప్పున తీర్చి తయారుచేసుకున్నారు. ఈ పాటలో వాయించిన రాబర్ట్ గ్రీనిడ్జ్ ట్రినిడాడ్ వాడే. సంగతి విని మా నాయన షెడ్డు పక్కనున్న డీజిలు డ్రమ్మును చేత్తో ఒకసారి కొట్టి చూశాడు. అది ‘డబ్’ మంది.

స్వరాల నడక

ఈ పాటకు ఆధారమైన స్వర సముదాయాలు, అంటే కార్డ్స్, ఒక వరుసలో తిరిగి తిరిగి వస్తాయి. పాశ్చాత్యుల ‘ఎఫ్’ను మన ‘స’ అనుకుంటే, కింది మంద్ర స్వరం ధ, ప, స అని దిగి, అక్కడినుంచి ని, గ మీదుగా మళ్లీ ‘ధ’కు చేరుతుంది. ‘ప’ మీది కార్డులో కాకలి నిషాదం మెరుస్తుంది. అది ‘స’కు అర్ధస్వరం దూరమే గనుక అక్కడికి పోదామని లాగుతుంది. నఠభైరవిలో నడుస్తూ క్షణం సేపు కీరవాణి గుమ్మం తొక్కినట్టుంటుంది. (ఇది రాగమని కాదు, పోలిక కోసం చెబుతున్నాను.) ‘స’కు చేరాక పాట స్థిరపడాలి గదా! పడదు. ఇల్లు చేరి, గుమ్మంలో కాళ్లు కడుక్కుని, మళ్లీ బయలుదేరినట్టు సాగిపోతుంది. ఎన్నిసార్లు విన్నా విసుగు రాకపోవడానికి ఇదొక కారణం.

జపానులో ఈ వరుసను ఈ పాట పేరుతోనే పిలుస్తారు. 1999లో షీనా రింగో పాడిన ‘మరునౌచి సడిస్టిక్’ పాట పేరుతోనూ పిలుస్తారు. 1998లో విల్ స్మిత్ ఇదే పాటను తీసుకుని, ప్రేయసీప్రియుల ‘ఇద్దర’నే మాటను తండ్రీకొడుకుల ‘ఇద్దర’ని మార్చి పాడాడు. సెలవుల్లో ఆ రాత్రి తలుచుకుంటే నాకు ఆ మార్పు ఎంతో సబబుగా తోస్తుంది. సాక్సోఫోన్ ముందుండే ఇలాంటి మెత్తని సంగీతానికి 1980ల చివర ‘స్మూత్ జాజ్’ అన్న పేరు స్థిరపడింది. దానికి బాట వేసినవాళ్లలో గ్రోవర్ ఒకడని చెబుతారు.

చోటివ్వడం

ఇన్ని సంగతులు చదివాక నాకు పెద్దదిగా కనిపించింది ఒకటే. ఆల్బమ్ గ్రోవర్‌ది, అట్ట మీద పేరు ఆయనది. అయినా గాయకుడు పాడుతున్నంతసేపూ సాక్సోఫోన్ చాలామటుకు వెనక్కి తగ్గి ఉంటుంది. స్టీల్ పాన్ వంతు వస్తే దానికీ చోటిస్తుంది. బాస్ గిటారు వాయించిన మార్కస్ మిల్లర్‌కు అప్పటికి నిండా ఇరవై రెండేళ్లు లేవు, నాకంటే కాస్త పెద్ద. అతనికీ చోటుంది. ‘ఇద్దరి పాట’ అన్నారు గానీ, ఒకరి మాట పూర్తయ్యేదాకా మరొకరు ఆగే పాట ఇది.

గ్రోవర్ 1999 డిసెంబరు 17న న్యూయార్క్‌లో ఒక టెలివిజన్ కార్యక్రమానికి వాయించిన వెంటనే గుండెపోటుతో మరణించాడు. విథర్స్ 1985 ఆల్బమ్ తర్వాత కొత్త ఆల్బమ్ చేయలేదు, 2020 మార్చి 30న కన్నుమూశాడు. 2009లో ఆయన మీద వచ్చిన ‘స్టిల్ బిల్’ డాక్యుమెంటరీలో, నత్తి ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి కూర్చుంటాడు.

నాకీ పాట వినిపించిన రూమ్మేటు నేను ఎక్కడ ఆగినా నా మాట తాను అందుకోడు. ఎంతసేపైనా ఊరుకుంటాడు. అందుకే అతనితో నా నత్తి సగం తగ్గుతుంది. ఈ ఏడాది సెమినారుకు నా పేరు నేనే ఇచ్చాను. అంశం: శంకు గొట్టాలలో అనుస్వరాలు. మిత్రులు వచ్చి వినాలని కోరుతున్నాను. నేను ఏదైనా మాట దగ్గర ఆగిపోతే, దయచేసి దాన్ని మీరు పూర్తి చేయకండి. నేనే చేస్తాను.