ఏ చేప పక్కన ఏ చేప: గల్ఫ్‌లో రీఫ్ ట్యాంక్ పని చేసేవాళ్ళకు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి దుబాయ్, అబుదాబి, దోహా పోయేవాళ్ళలో ఎక్కువమంది కన్‌స్ట్రక్షన్‌కో, క్లీనింగ్‌కో, డ్రైవింగ్‌కో పోతారు. అక్కడ హెల్పర్‌గా చేరినవాళ్ళకు దొరికే దారుల్లో అక్వేరియం మెయింటెనెన్స్ ఒకటి. విల్లాల్లో, హోటల్ లాబీల్లో, క్లినిక్‌ల రిసెప్షన్‌లో ఉండే ఉప్పునీటి ట్యాంకులను వారానికోసారి పోయి చూసుకోవాలి. ఎండ దెబ్బ లేని పని. కానీ ఒక చేప చచ్చిందంటే ఫోన్ వచ్చేది మీకే. అద్దం తుడవడం, నీళ్ళు మార్చడం, స్కిమ్మర్ కప్పు కడగడం నెల రోజుల్లో ఎవరికైనా వస్తాయి. టెక్నీషియన్ అనిపించుకోవాలంటే ఏ చేపను ఏ చేప పక్కన ఉంచవచ్చో తెలియాలి. ఉంచకూడని చేపను క్లయింట్ అడిగితే కొనకముందే ఆపగలగాలి.

ఇంకా ఊళ్ళోనే ఉండి వీసా కోసం చూస్తున్నవాళ్ళకు ముందుగా ఒక మాట. "అక్వేరియం కంపెనీ, ఏసీ పని" అని చెప్పి లక్షలు అడిగే ఏజెంట్‌ను నమ్మకండి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంట్ లైసెన్స్ ఉందో లేదో చూడండి. రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోగల సర్వీస్ చార్జీ పరిమితి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. విజిట్ వీసా మీద పోయి పనిలో చేరవద్దు. ఒప్పందంలో పని పేరు, జీతం, డ్యూటీ గంటలు చదివాకే సంతకం పెట్టండి.

ఇక చేపల సంగతి.

క్లయింట్ చాలాసార్లు దుబాయ్ మాల్ అక్వేరియం చూసొచ్చి లిస్ట్ చెబుతాడు. 2008లో తెరిచిన ఆ ట్యాంక్‌లో కోటి లీటర్ల నీళ్ళు ఉంటాయి. షార్కులు, రేలు, చిన్న చేపల గుంపులు ఒకేచోట తిరుగుతాయి. వాటికి వేళకు మేత పెట్టడానికి, తేడా వస్తే వెంటనే చేపను వేరు చేయడానికి అక్కడ పెద్ద స్టాఫ్ ఉంటుంది. మీ చేతిలో ఉండేది వెయ్యి, పదిహేను వందల లీటర్ల ట్యాంక్. ఇల్లు పట్టుకుని కూర్చున్నట్టు కనిపిస్తుంది కాబట్టి క్లయింట్‌కు అది పెద్దదే. రోజంతా ఈదే చేపకు మాత్రం చిన్నదే. తగువులన్నీ ఇక్కడే మొదలవుతాయి.

చేపను షాపులో చూసిన సైజుతో అంచనా వేయవద్దు, పూర్తిగా పెరిగాక ఎంత ఉంటుందో రాసుకోండి. అది సముద్రంలో ఏం తింటుందో తెలుసుకోండి. ఎవరిని శత్రువుగా చూస్తుందో, కోరల్స్‌ను, రొయ్యలను వదిలేస్తుందో లేదో కనుక్కోండి. మన చెరువులో సొసైటీవాళ్ళు బొచ్చె, రవ్వ పిల్లలను వదిలేముందు కొర్రమట్టలు ఉన్నాయేమో చూసుకుంటారు, ఎందుకంటే కొర్రమట్టకు ఆ పిల్లలు మేత. కోరల్స్ ఉండే రీఫ్ ట్యాంక్‌లో చేయాల్సిందీ అదే లెక్క, కాకపోతే ఇక్కడ ఒక్కో చేప ధర వందల దిర్హమ్‌లు.

ఒక కేసు తీసుకుందాం. ట్యాంక్ 240 సెంటీమీటర్ల పొడవు, 75 వెడల్పు, 75 ఎత్తు. గుణిస్తే 1,350 లీటర్లు. రాళ్ళు, ఇసుక, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నిజంగా ఉండే నీళ్ళు సుమారు 1,100 లీటర్లు. విల్లా యజమాని ఇచ్చిన లిస్ట్ ఇది: పిల్లల కోసం నీమో జంట, డోరీ. తనకోసం యెల్లో ట్యాంగ్, పర్పుల్ ట్యాంగ్, ఎంపరర్ ఏంజెల్, లయన్‌ఫిష్, పికాసో ట్రిగ్గర్, కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై, మాండరిన్. వీటితోపాటు నిండా కోరల్స్, క్లీనర్ ష్రింప్‌లు. లిస్టులు దాదాపు ఇలాగే ఉంటాయి.

నీమో అంటే క్లౌన్‌ఫిష్. పెద్దదైనా పదకొండు సెంటీమీటర్లు దాటదు, ఈ ట్యాంక్‌కు సరిపోతుంది. తప్పు జరిగేది జంటను ఎంచడంలో. క్లౌన్‌ఫిష్‌లన్నీ మొదట మగవే, గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడదిగా మారుతుంది. బాగా పెరిగిన రెండింటిని తెచ్చి వేస్తే రెండూ ఆడవే కావచ్చు, అప్పుడు ఒకటి ఇంకొకదాన్ని చంపేదాకా వదలదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది కొనండి. ఎనిమోన్ కూడా కావాలని క్లయింట్ అడుగుతాడు. అది లేకపోయినా క్లౌన్‌ఫిష్ బతుకుతుంది. కొత్త ట్యాంక్‌లో ఎనిమోన్ ఒకచోట నిలవదు. నడుస్తూ పోయి పంప్‌లో ఇరుక్కుంటే ముక్కలై నీళ్ళన్నీ పాడుచేస్తుంది.

డోరీ అంటే బ్లూ ట్యాంగ్. షాపులో బొటనవేలంత ఉంటుంది, పెరిగితే 30 సెంటీమీటర్లు. 2.4 మీటర్ల పొడవున్న ట్యాంక్ కాబట్టి ఒప్పుకోవచ్చు. నాలుగడుగుల ట్యాంక్‌లో మాత్రం ఒప్పుకోకండి. తెల్లమచ్చల రోగం ముందు కనిపించేది కూడా చాలాసార్లు దీనిమీదే.

యెల్లో ట్యాంగ్, పర్పుల్ ట్యాంగ్ రెండూ జీబ్రసోమా ప్రజాతివే. ఒకే ఆకారం, ఒకే మేత. ఒకే ఆకారం ఉన్న చేపలు ఒకదాన్నొకటి పోటీదారుగా చూస్తాయి, అందుకే వీటి మధ్య పోట్లాట పెరుగుతుంది. పర్పుల్ ఇంకా దుడుకైనది. ఒకదాన్నే ఉంచండి, నేనైతే యెల్లోను ఉంచుతాను. క్లయింట్ సోహల్ ట్యాంగ్ అడిగితే మరీ జాగ్రత్త. ఎర్ర సముద్రం, అరేబియా తీరాల చేప, చారలతో చూడ్డానికి చాలా బాగుంటుంది. 40 సెంటీమీటర్ల దాకా పెరిగి ట్యాంక్ మొత్తం తనదే అన్నట్టు మిగతావాటిని తరుముతుంది. ఇలాంటి ట్యాంక్‌కు సోహల్ వద్దు.

ఎంపరర్ ఏంజెల్ కూడా 40 సెంటీమీటర్లు, పైగా కోరల్స్‌ను కొరుకుతుంది. నిండా కోరల్స్ కావాలన్న మనిషికి దీన్ని అమ్మితే రెండు నెలల్లో కోరల్స్ బిల్లు మీద తగువు వస్తుంది. దీని బదులు కోరల్ బ్యూటీ లాంటి చిన్న ఏంజెల్‌ను సూచించండి. అది కూడా ఒక్కోసారి కొరుకుతుందని ముందే చెప్పండి. ఏంజెల్స్ విషయంలో ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

లయన్‌ఫిష్ కోరల్స్ జోలికి పోదు. నోట్లో పట్టే ప్రతి చేపనూ, రొయ్యనూ మింగుతుంది. పికాసో ట్రిగ్గర్ రొయ్యలను, నత్తలను పగలగొట్టి తింటుంది, రాళ్ళను కదిలిస్తుంది. ఈ రెండూ లిస్ట్ నుంచి పోవాలి. ఇక్కడ "కుదరదు" అని ఊరుకోకండి. కోరల్స్ లేని రెండో ట్యాంక్ పెడితే వీటిని అందులో ఉంచవచ్చని కొటేషన్ ఇవ్వండి. క్లయింట్ కోరిక తీరుతుంది, కంపెనీకి ఇంకో కాంట్రాక్ట్ వస్తుంది, మీ పేరు సూపర్‌వైజర్ నోట్లో మంచిగా పడుతుంది.

కాపర్‌బ్యాండ్ మెత్తని చేప, మేత పట్టడంలోనే దాని కష్టం. షాపువాడిని మీ కళ్ళముందు మేత వేయమనండి. తినని కాపర్‌బ్యాండ్‌ను సగం ధరకిచ్చినా తీసుకోవద్దు. అసలు ఏ చేపనైనా తినడం చూశాకే కొనాలి. మాండరిన్‌ది ఇంకా మోసకరమైన చావు. రాళ్ళ మీద ఉండే కోపిపాడ్స్ అనే సన్నని పురుగులే దాని తిండి. కొత్త ట్యాంక్‌లో అవి ఉండవు. మాండరిన్ రోజూ తిరుగుతూ, రాళ్ళను పొడుస్తూ కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు, కొన్ని వారాలకు పొట్ట లోపలికి పోయి చనిపోతుంది. ట్యాంక్‌కు కనీసం ఆరు నెలలు నిండి, రాళ్ళ మీద పురుగు కనిపించేదాకా దీన్ని వాయిదా వేయండి.

ఇంత తీసేస్తే ట్యాంక్ ఖాళీగా ఉంటుందని క్లయింట్ అంటాడు. పజామా కార్డినల్స్, పిస్టల్ ష్రింప్‌తో జతగా ఉండే గోబీ, మూత ఉంటే ఫెయిరీ రాస్‌లు సూచించండి. మూత లేకపోతే రాస్ దూకి నేలమీద పడుతుంది. ఆంథియాస్ గుంపు చాలా అందంగా ఉంటుంది గాని దానికి రోజుకు రెండు మూడుసార్లు మేత కావాలి. వారానికోసారి వచ్చే మీరు అది చేయలేరు. ఇంట్లో పనిచేసే మనిషికి నేర్పి, కొలిచిన మేత ప్యాకెట్లు ఇచ్చి పోగలిగితేనే పెట్టండి. చౌక అని డామ్సెల్స్‌ను, సిక్స్‌లైన్ రాస్‌ను వేయకండి. ఒకసారి వేశాక రాళ్ళన్నీ తీస్తే తప్ప పట్టుకోలేరు.

ఎంచిన చేపలనైనా ఒకేరోజు వేయకూడదు. ముందు ట్యాంక్ సైకిల్ కావాలి. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. తర్వాత మెత్తనివి ముందు, దుడుకువి చివర. కార్డినల్స్, గోబీ మొదట. రెండు మూడు వారాల తేడాతో క్లౌన్‌ల జంట, రాస్‌లు, కాపర్‌బ్యాండ్. చిన్న ఏంజెల్ తర్వాత. ట్యాంగ్‌లు ఆఖరున. దీనికి నాలుగైదు నెలలు పడుతుంది. వచ్చే వారం పార్టీ ఉంది, నిండుగా కనిపించాలి అని క్లయింట్ ఒత్తిడి పెడతాడు, మార్కెటింగ్‌వాళ్ళు ఒప్పుకొని వస్తారు. అప్పుడు ఎక్కువ కోరల్స్ పెట్టి, లైట్లు సరిచేసి ట్యాంక్‌ను నిండుగా చూపించండి, చేపల సంఖ్యను మాత్రం పెంచకండి. ఒకేసారి పది చేపలు వేస్తే ఫిల్టర్ బ్యాక్టీరియా ఆ మలాన్ని తట్టుకోలేక అమ్మోనియా లేస్తుంది. పార్టీ రోజే చేపలు పైకి తేలతాయి.

క్వారంటైన్ లేకుండా, అంటే కొన్నాళ్ళు విడి ట్యాంక్‌లో ఉంచి చూడకుండా, ఏ చేపనూ డిస్‌ప్లే ట్యాంక్‌లో వేయవద్దు. తెల్లమచ్చల రోగానికి పనిచేసే కాపర్ మందు కోరల్స్‌ను, రొయ్యలను చంపేస్తుంది, కాబట్టి రీఫ్ ట్యాంక్‌లో అది వేసే వీలే లేదు. రోగం ఒకసారి లోపలికి వస్తే చేపలన్నిటినీ బయటికి తీసి వైద్యం చేయాలి, డిస్‌ప్లేను చేపలు లేకుండా 76 రోజులు ఖాళీగా ఉంచాలని అనుభవజ్ఞులు చెబుతారు. హోటల్ లాబీలో రెండున్నర నెలలు చేపలు లేని ట్యాంక్ ఉంటే మేనేజర్ ఊరుకోడు. కంపెనీలో రెండు చిన్న క్వారంటైన్ ట్యాంకులు పెట్టించే పని మీరే మొదలుపెట్టండి. కాపర్ మోతాదు అంచనాతో వేయకండి, టెస్ట్ కిట్‌తో చూసి వేయండి.

విమానంలో దూరం నుంచి వచ్చిన చేపల సంచి విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. మూసిన సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోతుంది, అందువల్ల అందులోని అమ్మోనియా పెద్దగా హాని చేయదు. సంచి విప్పగానే పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. కాబట్టి అలాంటి సంచి విప్పి, ట్యాంక్ నీళ్ళను చుక్కచుక్కగా కలుపుతూ గంటలకొద్దీ డ్రిప్ పెట్టవద్దు. వేడి, ఉప్పు సరిచూసి త్వరగా క్వారంటైన్ నీళ్ళలోకి మార్చండి. ఉప్పు మాట వచ్చింది కాబట్టి: సముద్రం నీళ్ళు ట్యాంకర్‌లో తెప్పించే చోట రిఫ్రాక్టోమీటర్‌తో ఉప్పు కొలవకుండా పోయకండి. మామూలు సముద్రంలో ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాములు, గల్ఫ్‌లో సుమారు 40 ఉంటుంది.

ఇంత చేసినా కొట్లాట వస్తుంది. కొత్త చేపను రెండు మూడు రోజులు రంధ్రాలున్న అక్లిమేషన్ బాక్స్‌లో ఉంచితే పాతవి దానికి అలవాటు పడతాయి. వదిలేరోజు కొన్ని రాళ్ళ స్థలం మార్చండి, పాత చేపకు తన హద్దు ఎక్కడో తెలియక కొంత తగ్గుతుంది. రెక్కలు చిరిగి, మూల నక్కి, మేతకు రాని చేప కనిపిస్తే వచ్చే వారం చూద్దామనుకోకండి. అదేరోజు బయటికి తీయండి.

మీ ఒంటి భద్రత కూడా ఈ పనిలో భాగమే. ట్యాంగ్ తోక మొదట్లో బ్లేడులా కోసే ముల్లు ఉంటుంది. లయన్‌ఫిష్ ముల్లు గుచ్చితే భరించగలిగేంత వేడినీళ్ళలో చెయ్యి ముంచి వెంటనే ఆసుపత్రికి పోవాలి. జోవాంథిడ్, పాలిథోవా కోరల్స్ కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. వాటిని తాకేటప్పుడు గ్లోవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. అవి ఉన్న రాయిని వేడినీళ్ళలో మరిగించి శుభ్రం చేయమని ఎవరు చెప్పినా చేయకండి, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్ళున్నారు.

చివరి పని రాతపని. క్లయింట్ కుదరని చేప అడిగినప్పుడు నోటితో కాదనడం చాలదు. సూపర్‌వైజర్‌ను కలిపి వాట్సాప్‌లో రెండు వాక్యాలు పెట్టండి: ఈ చేప ఇంత పెరుగుతుంది, వీటిని తింటుంది, అయినా కావాలంటే మీ నిర్ణయమే. మర్యాదగా, తేదీతో. ఆరు నెలల తర్వాత చేపలు చచ్చాయని జీతంలో కోత పెట్టబోతే మీ పక్కన నిలబడేది ఆ మెసేజే. ప్రతి ట్యాంక్‌కు ఒక నోట్‌బుక్ పెట్టి ఏ చేప ఎప్పుడు వేశారు, పెరిగితే ఎంత, ఏం తింటుంది, ఎవరితో పడదు అని రాయండి. ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూకు పోయినప్పుడు సర్టిఫికెట్ లేకపోయినా ఆ నోట్‌బుక్ చూపించవచ్చు. ఈ వారం మీ రౌండ్‌లో ఉన్న ట్యాంకులతోనే మొదలుపెట్టండి.