మోకాలిపట్టీ - ఊతమే గాని ఔషధము కాదు

కీలులో వాతము చేరి, గాలి నింపిన తిత్తివలె వాపును, ముడుచునపుడు, చాచునపుడు నొప్పిని కలిగించుటను చరకుడు సంధిగత వాతముగా వర్ణించెను. ఏలూరు తివాచీ నేతగాండ్రు, తాడేపల్లిగూడెము ఉల్లి మార్కెట్టులో బస్తాలు మోయువారు, కొల్లేటి చెరువుగట్లపై తిరుగువారు ఈ బాధతో మా వద్దకు వచ్చుచుందురు. వీరిలో అనేకులు నీక్యాప్ అను మోకాలిపట్టీని ముందే కొని తెచ్చుకొందురు.

కొల్లేటి లంకగ్రామవాసి యొకడు జారుడు గట్టుపై పడిపోదునను భయముతో ఆ పట్టీని రాత్రింబవళ్లు బిగించి, ఆరు మాసములు స్నానమునకు తప్ప విప్పలేదు. నొప్పి కొంత తగ్గినది. కాని చర్మము ఒరిసి పుండ్లు పడెను. తొడకండ సన్నగిల్లి, పట్టీ లేనిదే లేవలేని స్థితి వచ్చెను. మోకాలిని నిలుపునది ప్రధానముగా తొడకండయే. దానికి పని లేకున్న క్షీణించును.

సుశ్రుతుడు వ్రణబంధన విధిలో గాఢము, సమము, శిథిలము అని మూడు బిగింపులు చెప్పి, కీళ్లకు శిథిలమునే విధించెను. వ్రణములకు చెప్పిన ఆ సూత్రము పట్టీ విషయమునను గుర్తుంచుకొనదగినది.

ధరించు విధానము:

1. తొడ, మోకాలు, పిక్కల చుట్టుకొలతలు చూచి తగిన పట్టీని ఎన్నుకొనవలెను. ధరించిన పిదప రెండు వ్రేళ్లు లోనికి సులభముగా దూరవలెను.

2. నడక, మెట్లు, బరువు పనుల వేళనే ధరించి, విశ్రాంతిలోను నిద్రలోను తీసివేయవలెను. తడిసినచో వెంటనే మార్చవలెను.

3. రాత్రి గోరువెచ్చని నువ్వులనూనె మృదువుగా మర్దించి, వావిలాకు కాచిన నీటితో కాపడము పెట్టవలెను. నూనె కడిగిన పిదపనే పట్టీ ధరింపవలెను. మోకాలు ఎఱ్ఱబారి వేడిగా నున్నపుడు మర్దనము, కాపడము కూడదు.

4. కాలు చాచి కూర్చుండి, మోకాలి క్రింద మడతపెట్టిన తువాలు నుంచి, దానిని క్రిందికి అదిమి అయిదు అంకెలు లెక్కించి వదలవలెను. ఇట్లు పదిమార్లు, ఉదయసాయంకాలములు చేయవలెను.

మధుమేహముతో పాదములు మొద్దుబారినవారు, ఉబ్బిన సిరలు గలవారు వైద్యుని సలహా లేక పట్టీ ధరింపరాదు. పిక్క హఠాత్తుగా వాచి నొప్పిపుట్టినను, జ్వరముతో మోకాలు వాచినను, కీలు బిగుసుకొని కదలకున్నను గృహవైద్యముతో కాలయాపన చేయక ఆసుపత్రికి పోవలెను.

పై లంకవాసి పుండ్లు మానిన పిదప మూడు మాసములు ఈ అభ్యాసము చేసెను. ఇప్పుడు గట్టు ఎక్కునపుడు మాత్రమే పట్టీ ధరించి, ఇంట దానిని చిలుకకొయ్యకు తగిలించుచున్నాడు. పాఠకులును దానిని అట్లే వాడుకొందురు గాక.