ఐదు వేల లింకులు ఎందుకు వద్దన్నానంటే

చిరంజీవి లలితకు,

నీ ఏటికొప్పాక బొమ్మల సైటు కోసం ఒకాయన ఇచ్చాడని నువ్వు వాట్సాప్‌లో పంపిన కొటేషన్ చూశాను. నెలకు ఐదు వేల బ్యాక్‌లింకులు (అంటే వేరే సైట్ల నుంచి నీ సైటుకి లింకులు), మూడు నెలల్లో గూగుల్ మొదటి పేజీ, పైగా గ్యారంటీ! ఫోన్లో అయితే వద్దని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. కారణం చెప్పందే నువ్వు వినే పిల్లవి కాదు కాబట్టి రాస్తున్నాను.

అసలు లింకుకి అంత విలువ ఎలా వచ్చిందో ముందు తెలుసుకో. తొలినాళ్ల సెర్చ్ ఇంజన్లు ప్రధానంగా పేజీలో ఉన్న మాటల్నే చూసేవి. ఒకే మాటని వందసార్లు రాసి పైకెక్కినవాళ్లు బోలెడుమంది. స్టాన్‌ఫర్డ్‌లో తర్వాత గూగుల్ పెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1996లో పనిచేసిన ప్రాజెక్టు పేరు బ్యాక్‌రబ్. ఒక పేజీకి ఎవరెవరు లింకిచ్చారో వెనక్కి వెళ్లి చూడటమే దాని పని. ఈ ఆలోచనకి మూలం పరిశోధన పత్రాల్లో ఉంది. ఏ పత్రాన్ని ఎందరు ఉదహరించారో లెక్కగట్టే సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ని యూజీన్ గార్ఫీల్డ్ 1964లోనే తెచ్చాడు. పేజ్, బ్రిన్ దానికి ఒక మెలిక జోడించారు. ఎన్ని లింకులు వచ్చాయన్నదొక్కటే కాదు, ఇచ్చినవాడికి ఎంత పలుకుబడి ఉంది, అతను ఇంకెందరికి ఇచ్చాడు అన్నవీ లెక్కే. పేజీకి ఉన్న విలువ దాని లింకులన్నిటికీ భాగాలుగా వెళ్తుంది. కాబట్టి ఏడెనిమిది లింకులున్న మంచి వ్యాసంలో నీ పేరు ఉండటం వేరు, రెండు వేల పేర్ల చిట్టాలో ఉండటం వేరు. లింకులు పట్టుకుని పోయే మనిషి ఎక్కడో ఒకచోట విసిగి వేరే పేజీకి దూకుతాడని 1998 నాటి వాళ్ల పత్రంలో 0.85 అనే గుణకం కూడా పెట్టారు. చేతులు మారేకొద్దీ విలువ తరుగుతుందన్నమాట. ఈ పాతికేళ్లలో గూగుల్ లెక్కలోకి ఇంకా ఎన్నో వచ్చి చేరాయి, ఇప్పుడు లింకులు వాటిలో ఒకటి మాత్రమే.

సంబంధం చూసేటప్పుడు మనవాళ్లు వాకబు చేస్తారే, అదే పద్ధతి. ఆ ఊరి పోస్టుమాస్టరు చెప్పే ఒక్క మాటకున్న బరువు, కమీషన్ పుచ్చుకునే పెళ్లిళ్ల పేరయ్య చెప్పే వంద మాటలకు ఉండదు.

ఇక ఆ కొటేషన్ ఇచ్చినాయన నమూనాగా పంపిన షీటు. ఒక కాలమ్‌లో సైట్లు: జూదం ఆటలు, లోన్ యాప్‌లు, ఎవరో వదిలేస్తే ఈ లింకుల వ్యాపారులు కొనుక్కున్న పాత డొమైన్లు. పక్క కాలమ్‌లో లింకు మీద కనపడే మాటలు. పై నుంచి కింది దాకా ఒకటే: ‘బెస్ట్ వుడెన్ టాయ్స్ ఆన్‌లైన్’. ఇప్పుడు నీ గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరిచి లింకుల రిపోర్టు చూడు. సొంతంగా నీకు లింకిచ్చినవాళ్లు ఒకరు ‘ఏటికొప్పాక లక్కపిడతలు’ అని రాశారు, ఒకరు నీ కొట్టు పేరు, మరొకరు ఉత్త ‘ఇక్కడ చూడండి’. మనుషులు రాస్తే అలా తలో రకంగా ఉంటుంది. ఐదు వేలమంది ఒకే మాట అన్నారంటే అది పురమాయింపు అని కనిపెట్టడం యంత్రానికి ఎంతసేపు?

పెద్ద కంపెనీలే ఇందులో దొరికిపోయాయి. అమెరికాలో జేసీ పెన్నీ అనే దుకాణాల సంస్థ 2010 పండగ సీజన్‌లో దుస్తులు, దుప్పట్లు, తివాచీలు, ఏది వెతికినా గూగుల్‌లో పైనే ఉండేది. సంబంధం లేని వేలాది పేజీల్లో దానికి లింకులున్నాయని 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. గూగుల్ చర్య తీసుకోగానే ఒక వెతుకులాటలో మొదటి స్థానం నుంచి రెండు గంటల్లో 71కి పడింది. ఆ లింకుల సంగతి తమకు తెలియదని సంస్థ చెప్పుకుంది. తెలిసినా తెలియకపోయినా పడ్డది వాళ్లే. 2012 ఏప్రిల్‌లో గూగుల్ తెచ్చిన పెంగ్విన్ అప్‌డేట్‌తో ఇలాంటి సైట్లు కుప్పలుగా కిందికి జారాయి. 2016 నుంచి పెంగ్విన్ మూల అల్గారిదంలోనే కలిసిపోయింది. ఇప్పుడు చాలావరకు దొంగ లింకుల్ని లెక్కలోంచి కొట్టిపారేస్తుంది. అంటే మామూలుగా నీకు పోయేది డబ్బు, ఖర్మకాలితే గూగుల్ మనుషులే చూసి శిక్ష వేసే మాన్యువల్ యాక్షన్ నోటీసు కూడా వస్తుంది.

మనవైపు నుంచి లింకిస్తే మన బలం పోతుందా అన్నావు. ఈ భయం పాతదే. ఈ లింకుకి విలువ ఇవ్వొద్దని సెర్చ్ ఇంజన్‌కి చెప్పే నోఫాలో అనే ట్యాగు 2005 జనవరిలో వచ్చాక చాలామంది బయటికి పోయే ప్రతి లింకుకీ దాన్ని తగిలించి, విలువంతా ఇంట్లోనే దాచుకోవచ్చనుకున్నారు. అలా దాచినది మిగతా లింకులకు చేరదని, ఆవిరైపోతుందని గూగుల్‌లో అప్పట్లో ఈ వ్యవహారాలు చూసిన మ్యాట్ కట్స్ 2009లో తేల్చి చెప్పాడు. పిసినారితనం వల్ల ఒరిగేదేమీ లేదు. అలాగని బయటికి లింకిస్తే ర్యాంకు పెరుగుతుందని చెప్పేవాళ్లనీ నమ్మకు. చదివేవాడికి పనికొస్తే ఇవ్వు, అంతే. భౌగోళిక గుర్తింపు (జీఐ) గురించి రాసినప్పుడు ఆ రిజిస్ట్రీకి లింకిస్తే, 2017లో ఏటికొప్పాక బొమ్మలకి అది వచ్చిందన్న మాట నీ నోటి మాటగా మిగిలిపోదు. ఇంకో సంగతి. ఉచితంగా బొమ్మలు పంపి ఎవరిచేతనైనా రాయించుకుంటే, ఆ లింకుకి స్పాన్సర్డ్ అనే గుర్తు పెట్టమని నువ్వే అడుగు. 2019 నుంచి అందుకో ప్రత్యేక గుర్తు ఉంది.

లింకులు ఎక్కణ్ణుంచి వస్తాయంటావా? నీ సైట్లో ధరల పట్టీలు బాగానే ఉన్నాయి. వాటికి ఎవరూ లింకివ్వరు. తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి రంగు ఎలా అంటుకుంటుందో, ఏ రంగు ఏ చెట్టు నుంచో వివరంగా ఒక పేజీ రాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మల గురించి రాసే విలేకరికి, హస్తకళల మీద ప్రాజెక్టు చేసే డిజైన్ విద్యార్థికి అలాంటి పేజీ కావాలి. ఆ పేజీ నుంచి బొమ్మల పేజీలకి నువ్వే లింకులు పెట్టుకో. మన ఇంట్లో తలుపులు మనమే తీసుకోకపోతే ఎలా? మెనూలో లేని, ఎక్కణ్ణుంచీ దారిలేని పేజీలు నీ దగ్గర చాలానే కనపడ్డాయి.

అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది ఒకటుంది, పైసా ఖర్చులేనిది. నిరుడు సైటు మార్చినప్పుడు చిరునామాలన్నీ మారిపోయాయి కదా. ఒక ప్రయాణాల పత్రిక నీ పాత ‘మా కళాకారులు’ పేజీకి ఎప్పుడో లింకిచ్చింది. నొక్కి చూశాను, పేజీ లేదని 404 వస్తోంది. వచ్చిన మంచి లింకు వచ్చినట్టే గోడకి తగిలి ఆగిపోతోంది. మీ డెవలపర్‌కి చెప్పి పాత చిరునామాల నుంచి కొత్తవాటికి 301 రీడైరెక్ట్ పెట్టించు. అన్నీ తెచ్చి హోమ్ పేజీకి తిప్పేస్తాడేమో చూసుకో. దేనికి దగ్గరిది దానికే వెళ్లాలి.

కొటేషన్ ఇచ్చినాయనకి అడ్వాన్సు పంపలేదుగా? పంపి ఉంటే చెప్పు. లింకులు వెయ్యడం ఈపాటికే మొదలుపెట్టాడేమో నేను చూస్తాను.

నీ
పెదనాన్న