పై ఇంటి నీళ్లు, కింది ఇంటి గోడ

సీతాఫల్‌మండి బస్తీల్లో ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక ఇంట్లో పోపు పెడితే పక్కింట్లో తుమ్ములు వస్తాయి. చాలా చోట్ల నల్లా ఒకటే, మోరీ ఒకటే. తగవులు రాకుండా ఎలా ఉంటాయి?

సర్కారు కట్టించిన అంతస్తుల ఇళ్లలోనూ తగవులు ఉన్నాయి. సీతాఫల్‌మండికి దగ్గరలో, బన్సీలాల్‌పేటలో ఐ.డి.హెచ్. కాలనీ ఉంది. అక్కడ 396 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టి, 2015 నవంబరులో పేదలకు ఇచ్చారు. కింద ఇళ్లు, పైన రెండు అంతస్తులు. నేల మీది ఇంటికి పక్కవాళ్లే ఇరుగుపొరుగు. ఇలాంటి ఇళ్లలో పైనవాళ్లు, కిందవాళ్లు కూడా ఇరుగుపొరుగే.

ఇలాంటి చోట వచ్చే తగవు ఒకటి చూద్దాం.

కింది ఇంటి వంటగది గోడ చెమ్మ పట్టింది. సున్నం రాలుతోంది. మూలనున్న బియ్యం సంచి తడిసింది. ఆ ఇంటామె మెట్ల దగ్గర నిలబడి అరిచింది.

"పైన నీళ్లు గుమ్మరిస్తున్నరు. కిందున్నోళ్లు మనుషులు కారా?"

పై ఇంటామె ఊరుకుంటుందా? "నా ఇంట్ల నేను నీళ్లు పోసుకోవద్దా? అడగనీకి నువ్వెవరు?" అంది.

ఆ రోజు నుంచి మాటలు లేవు. పిల్లలను కలిసి ఆడుకోనివ్వలేదు. తగవు మగవాళ్ల దాకా పోయింది. నెల గడిచింది. గోడ మాత్రం ఆరలేదు.

తప్పు ఎవరిది? బాత్‌రూం నేలలో సందు పడినా, గోడలోని పైపు పగిలినా నీరు కిందికే దిగుతుంది. పై ఇంటామెకు ఆ సంగతి తెలియదు. ఆమె ఇల్లు పొడిగానే ఉంది కదా! తిడితే ఆమెకు తిట్టు వినబడుతుంది, పైపు కనబడదు. "అక్కా, ఒక్కసారి కిందికొచ్చి మా గోడ చూడవా?" అని పిలవాలి. కోపం తగ్గాక పిలవాలి.

పిలిచినా రాకపోతే? నోటు పుస్తకం తీయాలి. ఏ తేదీన, ఏ వేళకు, ఎంతసేపు నీరు కారిందో రాయాలి. "ఎప్పుడూ ఇంతే" అంటే ఎవరూ పట్టించుకోరు. తేదీలు చూపిస్తే వింటారు. తర్వాత కాలనీ సంఘానికి అర్జీ ఇవ్వాలి. అర్జీ ఇలా రాయవచ్చు:

తేదీ: ..........
కాలనీ సంఘం అధ్యక్షులకు,
అయ్యా / అమ్మా,
మేము .......... నంబరు ఇంట్లో ఉంటున్నాము. ఇరవై రోజుల నుంచి మా వంటగది గోడకు నీరు దిగుతున్నది. పై ఇంటివారికి రెండుసార్లు చెప్పాము. ప్లంబరును పిలిపించి రెండు ఇళ్లూ చూపించగలరు. ఖర్చు సంగతి అందరి ముందు తేల్చగలరు.
ఇట్లు,
(సంతకం)

ఇందులో తిట్టు లేదు, చూశారా? అర్జీ రెండు ప్రతులు రాయాలి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోవాలి.

అన్ని తగవులూ సంఘానివి కావు. రోడ్డు మీద మోరీ పొంగితే పక్కింటామెను తిట్టి లాభం లేదు. జలమండలికి 155313 నంబరుకు ఫోను చేయాలి. మైకుల గొడవ అయితే పోలీసుల పని. 2000లో వచ్చిన నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకు పెట్టరాదు. కొన్ని పండుగ రోజుల్లో మాత్రం సర్కారు 12 దాకా అనుమతి ఇవ్వవచ్చు. మిగతా రోజుల్లో 112కు ఫోను చేయవచ్చు.

చంటిపిల్ల ఏడుపు మీద, చేపల కూర వాసన మీద అర్జీలు పెట్టలేం. అవి ఓర్చుకోవాల్సినవి. కానీ పక్కింట్లో ఆడమనిషిని కొడుతుంటే అది "వాళ్లింటి గొడవ" కాదు. అది నేరం. మహిళల సహాయ నంబరు 181కి చెప్పాలి.

సంఘం దగ్గరా తేలకపోతే న్యాయ సేవల సంస్థ ఉంది. దాని చట్టం 1987లో చేశారు, 1995లో అమలుకు వచ్చింది. ఆడవాళ్లకు ఆదాయం ఎంత ఉన్నా న్యాయ సహాయం ఉచితం. ఫోను నంబరు 15100. తగవును లోక్ అదాలత్‌కు పంపవచ్చు. అక్కడ కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ. అయితే ఒకసారి రాజీ అయితే అది కోర్టు తీర్పుతో సమానం. దాని మీద అప్పీలు లేదు. కాబట్టి సంతకం పెట్టేముందు కాగితం మొత్తం మీరే చదవాలి. అర్థం కాని మాట ఉంటే అడగాలి. "తొందరగా పెట్టమ్మా" అని ఎవరన్నా చదవడం ఆపొద్దు.

రాయండి:
1. రోడ్డు మోరీ పొంగితే ఎవరికి చెప్పాలి?
2. మీ మెట్ల మీద ఎవరో చెత్త వేస్తున్నారు. తేదీలతో అర్జీ రాయండి. పక్కనున్నామెకు చదివి వినిపించండి.