యోధుడైన తండ్రిని సన్మానించుట

వాక్యభాగములు: నిర్గమకాండము 20:12, 1 రాజులు 1:1, 2 సమూయేలు 23:13-17, మార్కు 7:9-13



బురైమిలో ఉండే మనం సెలవు రోజున పిల్లలను అల్ ఖందక్ కోటకు తీసుకెళ్తుంటాం. చుట్టూ తవ్విన కందకం చూపించి, పూర్వం శత్రువులను ఇలా ఆపేవారని చెప్తాం. పోయిన చలికాలం నేనూ అలాగే చెప్తుంటే మా అబ్బాయి, "తాతయ్య కూడా యుద్ధం చేశారు కదా డాడీ, ఎక్కడ చేశారు?" అని అడిగాడు. నా దగ్గర సరైన జవాబు లేదు. మా నాన్నగారు 1971 యుద్ధంలో తూర్పు వైపు పనిచేశారని, ట్రంకు పెట్టెలో పూర్వీ స్టార్ పతకం ఉందని తెలుసు. అంతే. ముప్పై ఏళ్ళు దాటినా ఒక్కసారి కూడా నేను ఆయనను అడగలేదు.

మన పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని పేరుపడిన ఊరే ఉంది. మొదటి ప్రపంచయుద్ధం నాటినుంచి అక్కడి కుటుంబాలు తరతరాలుగా సైన్యానికి వెళ్తున్నాయి. మీ ఇంట్లో కూడా అలాంటి తండ్రి, తాత ఉండవచ్చు. ఆయనను సన్మానించడం అంటే ఏమిటో వాక్యములో చూద్దాం.

1. సన్మానించడం అంటే బరువు ఇవ్వడం

ఐదవ ఆజ్ఞలో "సన్మానించు" అనే మాటకు హెబ్రీలో ఉన్న మూలార్థం బరువు. అంటే తల్లిదండ్రులను తేలికగా చూడకూడదు. మనమేమో పెద్దవారిని బరువు అనుకుంటాం గాని, వారికి బరువు ఇవ్వం. వారి మాట వినేటప్పుడు ఫోన్ పక్కన పెడుతున్నామా? అక్కడే తెలిసిపోతుంది.

2. ముసలి యోధుని చలి

గొల్యాతును పడగొట్టిన దావీదు వృద్ధుడైనప్పుడు ఎన్ని బట్టలు కప్పినా వెచ్చదనం కలగలేదని 1 రాజులు 1:1 చెప్తుంది. బైబిలు యోధుని బలాన్నే కాదు, బలహీనతను కూడా దాచకుండా రాసింది. 2 సమూయేలు 21:15-17లో దావీదు యుద్ధంలో సొమ్మసిల్లితే అబీషై అడ్డుపడి కాపాడాడు. ఇక మీరు యుద్ధానికి రావద్దని జనులు ప్రమాణం చేశారు. అలసిపోయాడని వారు ఆయనను చులకన చేయలేదు.

మా ఊళ్ళో క్రిస్మస్ రాత్రి టపాసులు కాల్చేటప్పుడు నాన్నగారు వెనుక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవారు. "మీ నాన్న మిలిటరీ కదా, టపాసులకే భయమా?" అని స్నేహితులు నవ్వితే నాకు సిగ్గుగా ఉండేది. ఆయన గురించి కాదు, నా గురించి సిగ్గుపడాల్సిందని ఇప్పుడు తెలుస్తోంది.

3. బేత్లెహేము నీళ్ళు

దావీదుకు బేత్లెహేము బావి నీళ్ళు తాగాలనిపించింది. ముగ్గురు బలాఢ్యులు ఫిలిష్తీయుల దండు మధ్యనుంచి వెళ్ళి తెచ్చారు. ఆయన వాటిని తాగలేదు. ప్రాణాలకు తెగించి తెచ్చిన నీళ్ళను వారి రక్తంగా ఎంచి యెహోవా సన్నిధిని పారబోశాడు. ఇతరులు ప్రాణం పణంగా పెట్టి తెచ్చినదాన్ని మామూలుగా వాడుకోలేకపోయాడు.

మరి మనం? 1971 డిసెంబరు 3 నుంచి 16 వరకు ఆ యుద్ధం జరిగింది. చరిత్రలో అది పదమూడు రోజులే. మా ఇంట్లో మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆయన ఏడాదికొక్కసారి సెలవుకు వచ్చేవారు. అమ్మ ఒక్కతే మమ్మల్ని పెంచింది. నా ఎం.సి.ఏ. ఫీజు ఆ జీతం, ఆ పెన్షన్ నుంచే వచ్చింది. ఈ డిగ్రీ నాకు బేత్లెహేము నీళ్ళు.

4. మన కొర్బాను ఏది?

తల్లిదండ్రులకు చెందవలసినది దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకునేవారిని ప్రభువు మార్కు 7లో గద్దించాడు. నేను ప్రతినెలా ఒకటో తేదీన డబ్బు పంపేవాడిని. అది చాలనుకున్నాను. ఒక ఏడాది నాన్నగారి జీవన ప్రమాణ పత్రం నేనే ఆన్‌లైన్‌లో పంపుతానని చెప్పి, ఆఫీసు పని, ఫెలోషిప్ పని అని వాయిదా వేశాను. పెన్షన్ ఆగిపోయింది. రెండు నెలలు ఆయన నాకు చెప్పలేదు. "వాడు పనిలో ఉన్నాడు" అని అమ్మతో అన్నారట. సేవను నేను కొర్బానుగా చేసుకున్నాను.

ఆచరణలో

• మనకంటే ఇండియా గంటన్నర ముందు ఉంటుంది. రాత్రి తొమ్మిదికి కాదు, సాయంత్రమే ఫోన్ చేయండి.
• జీవన ప్రమాణ పత్రం, స్పర్శ్ పోర్టల్ వివరాలు, ఈసీహెచ్ఎస్ కార్డు సరిగా ఉన్నాయో మీరే చూడండి. తండ్రి నిద్రించి ఉంటే, తల్లికి ఫ్యామిలీ పెన్షన్ అందుతోందో అడగండి.
• యుద్ధం గురించి అడగండి, బలవంతపెట్టవద్దు. మౌనంగా ఉంటే మీరూ పక్కన మౌనంగా ఉండండి.
• కొందరు తండ్రులు సైన్యం నుంచి కోపాన్ని, తాగుడును కూడా ఇంటికి తెచ్చారు. సన్మానించడం అంటే ఆ గాయాలు లేవని చెప్పడం కాదు. వాటిని ప్రభువు దగ్గర పెట్టి, ఆయనను ద్వేషించకుండా ఉండడం.

గత డిసెంబరు 16 సాయంత్రం నేను ఫోన్ చేసి, "నాన్నగారూ, ఆ రోజు మీరు ఎక్కడ ఉన్నారు?" అని అడిగాను. చాలాసేపు మాట లేదు. తర్వాత, "ఇన్నాళ్ళకు అడిగావురా" అన్నారు. గెలుపు గురించి ఏమీ చెప్పలేదు. తనతో రొట్టె పంచుకుని, తిరిగి రాని ఒక తమిళ స్నేహితుని గురించి చెప్పారు. ఫోన్ పెట్టేముందు మొదటిసారి ఇద్దరం కలిసి ప్రార్థన చేశాం.

ఆలోచించండి

1. మీ తల్లిదండ్రుల జీవితంలో మీరు ఇంతవరకు అడగని ప్రశ్న ఏది?
2. వారికి చెందవలసిన సమయాన్ని మీరు దేనికి "అర్పితం" చేశారు?
3. మీ జీవితంలో బేత్లెహేము నీళ్ళు ఏవి?

ప్రార్థన: తండ్రీ, మా కొరకు అలసిపోయినవారిని తేలికగా చూసిన మమ్మును క్షమించుము. వారు బ్రతికి ఉండగానే వారిని సన్మానించే మనస్సు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.