ముందు చదవడం నేర్చుకో, తర్వాత కొను

శాలిబండ, హైదరాబాద్

చిరంజీవి మనుమరాలికి తాత ఆశీస్సులు.

బిడ్డా, నీ ఉత్తరం అందింది. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చినందుకు మీ నాయన ఇచ్చిన ఐదువేలతో ఏ పాత నాణెం కొనాలని అడిగావు. ఇప్పుడే ఏదీ కొనకు. ఆ పైసలు బ్యాంకులో వేసుకో. ఒక భూతద్దం, గ్రాములో వందో వంతు వరకు చూపే చిన్న తూకం, ఒక నోటుబుక్కు ఉంటే ఈ ఏడాదికి చాలు. నాణెం మీద ఏముందో ఎవరూ చెప్పకుండా నీకు నువ్వే చదవగలిగిన రోజున కొనడం మొదలుపెట్టు.

పని ఇంట్లోనే మొదలవుతుంది. మీ అమ్మ చిల్లర డబ్బా కింద కుమ్మరించు. ఒక్కో నాణెం మీద సంవత్సరం కింద ఏ గుర్తు ఉందో చూడు. ఐదు కోణాల నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్ టంకశాలది. వజ్రం గుర్తు ముంబైది, చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. తర్వాత నయా పైసల వైపు వెళ్లు. 1957 ఏప్రిల్ 1న అణాల లెక్క పోయి రూపాయికి నూరు పైసల లెక్క వచ్చింది. కొత్త పైసా అని తెలియడానికి కొన్నేళ్లపాటు ‘నయా’ అని ముద్రించి, 1964లో ఆ మాట తీసేశారు. అప్పటి హైదరాబాద్ నాణేల మీద నక్షత్రం ఉండదు. నిలువు గీత పడిన వజ్రమో, మధ్యలో చుక్క ఉన్న వజ్రమో ఉంటుంది. చార్మినార్ దగ్గర ఫుట్‌పాత్ మీద ఇవి చాలా తక్కువ ధరకే దొరుకుతాయి. వీటితో కన్ను పదును పెట్టుకో.

కన్ను కుదిరాక హాలీ సిక్కాకు రా. నువ్వు జీవితాంతం తవ్వినా తరగనిది అదే. ఇంగ్లీషువాళ్ల కాలంలో మన నిజాం రాజ్యానికి తన సొంత రూపాయి ఉండేది, అదే హాలీ. వాళ్ల రూపాయిని ఇక్కడ కల్దార్ అనేవాళ్లు. నూరు కల్దార్లకు నూటపదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు హాలీ ఇవ్వాలి, అంటే ఏడుకు ఆరు. అందుకే ఇక్కడి వ్యాపారి ఎవరైనా రెండు లెక్కలు నోటికి వచ్చినవాడే. హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన పోలీసు చర్య తర్వాత కూడా కొన్నేళ్లు రెండూ పక్కపక్కన నడిచాయి.

హాలీ రూపాయి మీద చార్మినారే ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, యంత్రం మీద కొట్టిన రూపాయల మీదికి ఆ బొమ్మ వచ్చింది. భూతద్దం పెట్టి నడిమి ద్వారంలోకి చూడు. అక్కడ ఒక అక్షరం కనిపిస్తుంది. ‘మీమ్’ అయితే మహబూబ్‌ది, ‘ఐన్’ అయితే అతని తర్వాతి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఆసఫ్ జా అనే బిరుదుతో పాటు 92 అనే అంకె ఉంటుంది. అది సంవత్సరం అనుకుని తికమకపడతారు. అక్షరాలకు విలువ కట్టే అబ్జద్ లెక్కలో ముహమ్మద్ అనే పేరుకు వచ్చే మొత్తం అది. వెనక వైపు ‘ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్’ అని ఊరి పేరు బిరుదుతో సహా ఉంటుంది.

ఇవన్నీ చదవాలంటే ఉర్దూ రావాలి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. ఈ గల్లీల్లో పుట్టిన మన పిల్లలు ఉర్దూ చెవితో అర్థం చేసుకుంటారు, కంటితో చదవలేరు. ముందు అంకెలు నేర్చుకో. ఒకటి నిలువు గీత, సున్న ఒక చుక్క. ఏడు పైకి నోరు తెరిచిన కోణం, ఎనిమిది దాన్నే తిరగేసినది. నాణెం మీద హిజ్రీ సంవత్సరం ఉంటుంది కాబట్టి దానిలో నూటికి మూడు వంతులు తగ్గించి 622 కలుపు. 1330 ఉంటే 1912 వస్తుంది, ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన మరుసటేడు. అక్షరాలు నేర్పేవాళ్లు మన వాడలో ఇప్పటికీ ఉన్నారు. సెలవులకు వచ్చినప్పుడు నిన్ను తీసుకెళ్లి కూర్చోబెడతా.

ఆ సెలవుల్లోనే మొగల్‌పురా పక్కన సుల్తాన్‌షాహీ దాకా నడుద్దాం. 1803లో నిజాం సికందర్ జా పెట్టిన టంకశాల అక్కడే ఉండేది. వందేళ్ల తర్వాత దాన్ని సైఫాబాద్‌కు మార్చారు, 1950లో భారత ప్రభుత్వం తీసుకుంది, 1997లో చర్లపల్లికి వెళ్లింది. సైఫాబాద్‌లోని పాత కట్టడంలో 2022లో మ్యూజియం తెరిచారు. నాణెం అచ్చు ఎలా చెక్కుతారో, యంత్రం కింద బిళ్ల ఎలా పడుతుందో అక్కడ చూస్తే, అసలుకీ నకలుకీ తేడా సగం అక్కడే తెలుస్తుంది.

మిగతా సగం తూకం చెబుతుంది. కల్దార్ రూపాయి సరిగ్గా తులం, 11.66 గ్రాములు. హాలీ రూపాయి కొంచెం తేలిక, 11.18 దగ్గర. అరుగుదలకు కొంత తగ్గవచ్చు గానీ పెరగదు. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత కనిపిస్తే అది పోత పోసిన నకలు. ఇంకొకటి గుర్తుంచుకో. రామ పట్టాభిషేకం బొమ్మతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1818 అని ఉన్న బిళ్లలు భక్తి పేరు చెప్పి అమ్ముతారు. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ వేయలేదు. దేవుడి బొమ్మగా పూజలో పెట్టుకుంటే పెట్టుకో, నాణేల పెట్టెలో మాత్రం పెట్టకు.

పాత నాణెం ఇంటికి రాగానే ఆడవాళ్లు చింతపండు, కుంకుడు రసం తీస్తారు. మీ అమ్మ చేతికి ఇవ్వకు. రాగి మీద పట్టిన గోధుమ రంగు, వెండి మీది నలుపు వయసుతో వచ్చినవి. వాటిని తోమితే పై పొర, దానితో పాటు అక్షరాల అంచులు పోతాయి. అవి మళ్లీ రావు. మట్టి ఉంటే మంచినీళ్లలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్దు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో కొన్నాళ్లకు పచ్చని జిగురు పడుతుంది కాబట్టి కాగితపు కవర్లు వాడు.

ఆ కవరు మీద రాసేదే అన్నిటికంటే ముఖ్యం. ఏ నాణెమైనా ఎక్కడ, ఎవరి నుంచి, ఏ రోజున, ఎంతకు వచ్చిందో అదే పూట రాసిపెట్టు. దీన్ని నేను ఎందుకింతగా పట్టుకుంటానో చెబుతా. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. అక్కడి మట్టిలో చిన్నచిన్న నాణేలు బయటపడ్డాయి. చరిత్ర పరిశోధకుడు పరబ్రహ్మశాస్త్రి గారు వాటిని చదివితే శాతవాహనుల మొదటి రాజు సిముకుడి పేరు ఉంది. గోభద, సమగోప వంటి అంతకు ముందటి పాలకుల పేర్లూ ఉన్నాయి. శాతవాహనుల తొలి అడుగులు తెలంగాణలో పడ్డాయన్న వాదానికి ఆ నాణేలే బలం. అవే నాణేలు ఏ ఊరివో తెలియకుండా ఒక దుకాణం పళ్లెంలో కలిసిపోయి ఉంటే, రాజు పేరు తెలిసేది గానీ ఈ చరిత్ర తెలిసేది కాదు. ఊరి పేరు పోతే నాణేనికి సగం నోరు పోయినట్టే. దీనికి ఎదురు కథ జహంగీరు మొహరుది. 1613లో ఆగ్రాలో కొట్టిన వెయ్యి తులాల బంగారు నాణెం, దాదాపు పన్నెండు కిలోలు. అది నిజాం వంశం చేతికొచ్చింది, 1987లో జెనీవాలో వేలానికి పెట్టారు, తర్వాత సీబీఐ వెతికినా ఆచూకీ దొరకలేదు. ఎంత బంగారమైతే ఏం, చూడటానికీ చదవడానికీ ఎవరికీ లేకుండా పోయింది.

చట్టం సంగతి కూడా ఇప్పుడే తెలుసుకో. భూమిలో దొరికిన పాత నాణేలు కొనకు. పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 చట్టం చెబుతోంది. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. అలాంటిదాన్ని అమెరికాలో ఉన్న మీ బాబాయికి ముచ్చటపడి పంపడం కూడా కుదరదు. ఫోన్‌లో ‘మీ పాత ఐదు రూపాయల బిళ్లకు లక్షలిస్తాం, ముందు కమిషన్ కట్టండి’ అంటే నమ్మకు. తమ పేరు వాడుకుని ఇలా అడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది.

లోకంలోని నాణేలన్నీ కావాలనుకుంటే నీ పెట్టె నిండుతుంది, నీకేమీ తెలియదు. ఒక్క హాలీ రూపాయినే పట్టుకో. ఏడాదికొకటి చొప్పున ఎన్ని సంవత్సరాలవి దొరుకుతాయో చూడు. యుద్ధకాలంలో వెండి పాలు ఎందుకు తగ్గించారు, అణా బిళ్ల గుండ్రం నుంచి నలుచదరం ఎందుకైంది, ఇలా ప్రశ్నలు నీకే పుడతాయి. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో నాణేల విభాగం ఉంది. అక్కడికి ప్రశ్నతో వెళ్లినవాళ్లకు అది వేరేగా కనిపిస్తుంది.

మీ నాయన వచ్చే ఆదివారం ఇక్కడి నుంచి హన్మకొండకు నీ దగ్గరికి వస్తున్నాడు కదా, అతని చేతికి ఒక హాలీ రూపాయి ఇస్తున్నా. దాని వివరాలు రాసిన చీటీ నా దగ్గరే ఉంచుకున్నా. సంవత్సరం, ద్వారంలోని అక్షరం, తూకం రాసి పంపు. నా చీటీతో సరిపోతే చీటీ కూడా నీకే పంపిస్తా.

ఆశీస్సులతో,
తాత