మెదడులో ‘కనెక్షన్లు’ పెరగడం అంటే ఏమిటి?



గత ఉపకార వేతనాల పంపిణీ సభ ముగిశాక, ఇంజనీరింగ్ చదువుతున్న ఒక అబ్బాయి సెల్‌ఫోనులో నాకొక బొమ్మ చూపించాడు. అందులో రెండు వలయాలు. ఒకదానిలో పలుచని గీతలు, రెండవదానిలో రంగురంగుల గీతల చిక్కుముడి.

“మాస్టారూ, సైలోసిబిన్ తీసుకుంటే మెదడులో ఇన్ని కొత్త కనెక్షన్లు వస్తాయట. హాస్టల్లో అంటున్నారు. నిజమేనా?” అన్నాడు.

“అలాంటి మాటలు నీకెందుకు?” అని కసిరాను. తల వంచుకుని వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పిన నేను అలా అనవలసింది కాదు. ఆ జవాబు బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాను.

సైలోసిబిన్ కొన్ని జాతుల పుట్టగొడుగుల్లో ఉండే మత్తు పదార్థం. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1958లో దానిని వేరుచేశారు. 1938లో ఎల్.ఎస్.డి.ని తయారుచేసిందీ ఆయనే. ఈ రెండూ మెదడులోని సెరటోనిన్ గ్రాహకాలపై పనిచేస్తాయి.

కొలిచే పద్ధతి

మెదడులో చురుకుగా ఉన్న చోటికి రక్తం ఎక్కువగా చేరుతుంది. ఎఫ్.ఎం.ఆర్.ఐ. యంత్రం ఈ మార్పును పట్టుకుంటుంది. రెండు ప్రాంతాల సంకేతాలు కలిసి పెరిగి, కలిసి తగ్గుతుంటే వాటి మధ్య ‘కనెక్టివిటీ’ ఉందంటారు. మీరు గణితంలో చదివే కోరిలేషన్ ఇదే. అది కొత్త నరం కాదు.

కోలాటం ఊహించుకోండి. ఒక్కొక్క జట్టు తన అడుగు తాను తప్పకుండా ఆడుతుంది. మెదడులోని నెట్‌వర్కులూ అంతే. మనం ఊరికే కూర్చుని మన గురించి ఆలోచించుకునేటప్పుడు చురుకుగా ఉండే జట్టును ‘డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్’ అంటారు.

తెలిసినదేమిటి?

2012లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 30 మంది ఆరోగ్యవంతులను పరీక్షించారు. సైలోసిబిన్ ఇచ్చినప్పుడు ఈ నెట్‌వర్కులోని ముఖ్య కేంద్రాల మధ్య పొందిక తగ్గింది. 2024లో ‘నేచర్’ పత్రికలో అమెరికా శాస్త్రవేత్తలు 7 గురిపై చేసిన పరిశోధన వెలువడింది. జట్లలోపలి లయ చెదిరి, జట్ల మధ్య హద్దులు చెరిగాయి. చాలా మార్పులు త్వరలోనే సర్దుకున్నాయి. కానీ జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్‌కు, ఈ నెట్‌వర్కుకు మధ్య తగ్గిన పొందిక కొన్ని వారాలు అలాగే ఉంది. ఇంకొక విశేషం: వారికి దృష్టి పెట్టవలసిన చిన్న పని అప్పగిస్తే ఆ చెదురు కొంత తగ్గింది.

అబ్బాయి చూపిన బొమ్మ 2014 నాటి ఒక గణిత విశ్లేషణలోనిది. అందులోని గీతలు కోరిలేషన్ల లెక్కలే తప్ప, మెదడులో మొలిచిన తీగలు కావు. కర్రల చప్పుడు పెరిగినంత మాత్రాన కోలాటం బాగుపడినట్లు కాదు. ఆ బొమ్మను చూసి తెలివి పెరిగిందని చెప్పలేము.

మానసిక కుంగుబాటుకు ఇది మందుగా పనికివస్తుందేమోనని పరీక్షలు జరుగుతున్న మాట నిజమే. అవి వైద్యుల సమక్షంలో, కొలిచిన మోతాదుతో జరుగుతాయి. తమకు గాని, దగ్గరి రక్తసంబంధీకులకు గాని తీవ్ర మనోవ్యాధి ఉన్నవారిని సాధారణంగా వాటిలో చేర్చుకోరు. హాస్టల్ గదిలో ఈ జాగ్రత్తలేవీ ఉండవు. పైగా మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం ఇవి దగ్గర ఉంచుకోవడమే నేరం. ఒక్క కేసుతో చదువు, ఉద్యోగం రెండూ చిక్కుల్లో పడతాయి.

తల్లిదండ్రులకు నా మనవి: పిల్లలు అడిగితే నాలాగా కసరకండి. ఇంట్లో జవాబు దొరకని ప్రశ్న బయటివాళ్ల దగ్గరకే వెళుతుంది.

అభ్యాసం

1. రెండు ప్రాంతాల సంకేతాలు కలిసి మారితే, ఒకటి మరొకదానికి కారణమని చెప్పవచ్చునా?
2. 7 గురిపై చేసిన పరిశోధనను అందరికీ వర్తింపజేసే ముందు ఇంకా ఏమి తెలుసుకోవాలి?